డైనోసార్ బిళ్ల కొనేముందు వెనక్కి తిప్పి చదవండి

ముందు సూటిగా చెప్పేస్తాను, ఆ 899 రూపాయల ‘ప్యూర్ గోల్డ్ టీ-రెక్స్ కాయిన్’ కొనకండి.

మీరు రాసింది ఇదీ: మన గడ్చిరోలి జిల్లాలో సిరొంచ దగ్గరున్న వడధం ఫాసిల్ (శిలాజాల) పార్కు చూసొచ్చినప్పటి నుంచి మీ బాబుకి డైనోసార్ల పిచ్చి పట్టుకుంది, పుట్టినరోజుకి డైనోసార్ నాణేలు కావాలంటున్నాడు, ఫోన్‌లో ఆ బంగారు రంగు బిళ్ల ఒకటి, పన్నెండు బిళ్లల ‘లిమిటెడ్ ఎడిషన్’ సెట్టు ఒకటి కనపడ్డాయి. అవి అసలువేనా, దాచిపెడితే రేటు పెరుగుతుందా, అహేరిలో ఉండి మంచివి తెప్పించుకోవడం ఎలా అని అడిగారు. నేనుండేది సిరొంచలోనే, జంతువుల బొమ్మలున్న విదేశీ నాణేలు పోగుచేయడం చాలా ఏళ్ల అలవాటు, అందులో డైనోసార్లవి నాకు అన్నిటికన్నా ఇష్టం, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

899 రూపాయలకి అర గ్రాము బంగారం కూడా రాదు. ఆ ఫొటోలో బిళ్ల అరచేతిలో సగం ఉంది. అంత సైజు నిజం బంగారు నాణెమైతే లక్షల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ‘ప్లేటెడ్’ అనో ‘లేయర్డ్’ అనో రాసి ఉంటుంది, ఒకసారి మళ్లీ తెరిచి చూడండి. మా బజారులో ఒకాయన ఇలాంటిదే తెచ్చి అవుసలాయన ముందు పెడితే, ఆయన ముందు చేత్తో ఎగరేసి పట్టుకున్నాడు, తర్వాత అంచు మీద ఆకురాయితో రెండుసార్లు గీకాడు, అంతే, పచ్చటి పూత దుమ్ములా లేచిపోయి కింద ఎర్రటి రాగి బయటపడింది. టీ-రెక్స్ బొమ్మ బాగానే ఉంది, పళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. కానీ దాని వెనక వైపు తిప్పితే ఏ దేశం పేరూ లేదు, విలువా లేదు, ఒక డేగ బొమ్మా చుట్టూ నక్షత్రాలూ ఉన్నాయి.

అసలు సంగతి అక్కడే ఉంది. డైనోసార్ ఉన్న వైపు ఎవరైనా గీయగలరు. నాణెమా కాదా అని తేల్చేది రెండో వైపు. దాని మీద దేశం పేరో, బ్రిటన్ నాణేల మీద లాగా రాజు లేదా రాణి బొమ్మా పేరో ఉండాలి, డాలరో యూరోనో పెన్సో ఏదో ఒక విలువ రెండు వైపుల్లో ఎక్కడో ఒకచోట ఉండాలి, దాదాపు అన్నిటి మీదా సంవత్సరం ఉంటుంది. ఇవేవీ లేకపోతే అది పతకమో, టోకెనో, ఆటబొమ్మో. ఆటబొమ్మగా కొంటే తప్పేం లేదు, పిల్లాడు జేబులో వేసుకుని తిరుగుతాడు, వంద రూపాయలకి దొరికితే కొనండి. నాణెమని చెప్పి 899 తీసుకోవడమే అన్యాయం.

దేశం పేరు ఉన్నంత మాత్రాన అది ఆ దేశపు సంతల్లో తిరిగే డబ్బు అనుకోకండి. నియూ, కుక్ ఐలాండ్స్, తువాలు లాంటి చిన్న ద్వీపాల పేరు మీద వచ్చే నాణేలు చాలావరకు వేరే దేశాల టంకశాలల్లో, సేకరించేవాళ్ల కోసమే తయారవుతాయి. చట్టప్రకారం నాణేలే, అనుమానం అక్కర్లేదు, కాకపోతే ఆ ఊళ్లో వాటితో ఎవరూ కూరగాయలు కొనరు. 1993లో ఎరిత్రియా పేరు మీద ట్రైసెరటాప్స్ బొమ్మతో ఒక డాలరు నాణెం వచ్చింది. ఎరిత్రియా స్వతంత్రమైంది ఆ ఏడాదే, అప్పుడు అక్కడ వాడుకలో ఉన్నది ఇథియోపియా బిర్, సొంత కరెన్సీ నక్ఫా వచ్చింది 1997లో. అంటే అక్కడి జనం ఎప్పుడూ చేతబట్టని ‘డాలరు’ అది. అయినా నాకు ఇష్టమే, ఎందుకంటే ఇది ఏ రకం వస్తువో తెలిసి, దానికి తగ్గ ధర పెట్టి కొన్నాను.

ఇక మీ బాబుకి ఏవి కొనాలంటే, నా ఓటు మొదట బ్రిటన్ 50 పెన్నీల నాణేలకే. 2020లో రాయల్ మింట్ (బ్రిటన్ టంకశాల) వాళ్లు మూడు తెచ్చారు: మెగలోసారస్, ఇగ్వానొడాన్, హైలియోసారస్. ఈ మూడే ఎందుకంటే, 1842లో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త ‘డైనోసారియా’ అనే పేరు పెట్టింది ఈ మూడు జంతువుల ఎముకల్ని పక్కపక్కన పెట్టి చూసే. అంటే డైనోసార్ అనే మాటే వీటితో పుట్టింది. బొమ్మలు గీసింది రాబర్ట్ నికల్స్, పురాతన జంతువుల్ని గీయడమే ఆయన వృత్తి, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లతో కలిసి పనిచేసి గీశాడు. లెన్సు పెట్టి చూస్తే చర్మం మీద పొలుసులు, మెడ దగ్గర ముడతలు విడివిడిగా తెలుస్తాయి. పక్కనే జంతువు పేరు, దానికి పేరు పెట్టినాయన పేరు, సంవత్సరం ఉంటాయి. మెగలోసారస్ దగ్గర బక్లాండ్, 1824. ఇగ్వానొడాన్ దగ్గర మాంటెల్, 1825. హైలియోసారస్‌కీ మాంటెలే, 1833. ఇంత చిన్న బిళ్ల మీద ఇంత సమాచారం ఉండటం నాకు భలే నచ్చుతుంది. రెండో వైపు ఎలిజబెత్ రాణి.

ఆ నాణెం కొలతలు రాసుకోండి, పనికొస్తాయి. ఏడు పలకలు, ఆ పలకలు కూడా కాస్త వంపుగా ఉంటాయి, వెడల్పు 27.3 మిల్లీమీటర్లు, బరువు 8 గ్రాములు. మామూలు రకం రాగి 75 శాతం, నికెల్ 25 శాతం కలిపిన లోహం, అయస్కాంతానికి అంటుకోదు. దీంట్లోనే అద్దంలా మెరిసే ‘ప్రూఫ్’ రకాలు వెండిలో, బంగారంలో కూడా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోకండి. ‘బీయూ’ (బ్రిలియంట్ అన్‌సర్క్యులేటెడ్, అంటే ఎవరి చేతా వాడబడని మెరుపు నాణెం) అని రాసి ఉన్న మామూలు రకం చాలు, అట్ట ప్యాకింగ్‌లో వస్తుంది, పిల్లాడికి ఆ అట్ట మీద కథ కూడా ఉంటుంది. 2024లో ఇదే వరసలో టీ-రెక్స్, స్టెగోసారస్, డిప్లొడోకస్ వచ్చాయి. మీవాడికి టీ-రెక్సే కావాలంటే అది తీసుకోండి, కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, రాణి 2022 సెప్టెంబరులో పోయారు, కాబట్టి 2024 నాణెం మీద ఉండాల్సింది చార్ల్స్ రాజు. 2024 టీ-రెక్స్ అని చెప్పి రాణి బొమ్మ ఉన్నది చూపిస్తే అక్కడితో మాట ఆపేయండి.

మధ్యలో 2021లో మేరీ ఆనింగ్ పేరు మీద మూడు వచ్చాయి. లైమ్ రీజిస్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో కొండచరియల్లోంచి ఎముకలు తవ్వి తీసిన మనిషి ఆమె, పెద్ద చదువుల్లేవు, పేదింటి పిల్ల. ఆ మూడు నాణేల మీదున్నవి టెమ్నొడాంటోసారస్, ప్లీసియోసారస్, డైమార్ఫొడాన్. అమ్మేవాళ్లు వీటిని కూడా ‘డైనోసార్ సెట్’ అనే అమ్ముతారు. ఒక్కటీ డైనోసార్ కాదు! మొదటి రెండూ సముద్రంలో ఈదే సరీసృపాలు, మూడోది ఎగిరేది. మీవాడికి ఈ తేడా చెప్పండి, బళ్లో పదిమందికి చెబుతాడు. మేరీ ఆనింగ్ కథ కోసమైనా ఈ మూడూ కొనదగ్గవే, పేరు తప్పుగా చెప్పి అమ్మితే మటుకు నాకు ఒళ్లు మండుతుంది.

పిల్లల్ని నోరెళ్లబెట్టించేవి చీకట్లో వెలిగేవి. 2012లో కెనడా వాళ్లు పాకిరైనోసారస్ బొమ్మతో 25 సెంట్ల నాణెం తెచ్చారు, 25,000 మాత్రమే కొట్టారు. వెలుతురులో చూస్తే ఒళ్లంతా కండ ఉన్న జంతువు రంగుల్లో కనపడుతుంది. దీపం కింద కాసేపు పెట్టి లైటు ఆర్పేస్తే ఆ కండ మాయమై లోపలి అస్థిపంజరం ఒక్కటే ఆకుపచ్చగా వెలుగుతుంది, పుర్రె, పక్కటెముకలు, తోక దాకా. మా ఇంట్లో కరెంటు పోయినప్పుడల్లా పిల్లలు దాన్ని తెమ్మంటారు. కాకపోతే ఇప్పుడు దాని ధర బాగా ఎక్కిపోయింది, మొదటి నాణెంగా వద్దు. ఆస్ట్రియా వాళ్లు 2019 నుంచి 2022 దాకా పన్నెండు నాణేల వరస తెచ్చారు, ఒక్కోటి 3 యూరోలు, స్పైనోసారస్‌తో మొదలైంది, అన్నీ చీకట్లో వెలిగేవే. మీరు చూసిన పన్నెండు బిళ్లల సెట్టు బహుశా దీన్ని చూసి చేసిన నకలు అయుంటుంది. అసలు ఆస్ట్రియా నాణేలైతే ‘3 యూరో’ అని, ఆస్ట్రియా పేరు జర్మన్ భాషలో ఉంటాయి. ఆ సెట్టు వెనక వైపు ఫొటో పెట్టమని అమ్మేవాణ్ణి అడగండి. పెట్టకపోతే అదే జవాబు.

జపాన్‌ది ఒకటి చెప్పకుండా ఉండలేను. వాళ్లు 2008 నుంచి ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నాణెం చొప్పున 47 రాష్ట్రాలకీ తెచ్చారు, 2010లో ఫుకుయి వంతు వస్తే, వెయ్యి యెన్ల వెండి నాణెం మీద డైనోసార్లని వేశారు. ఎందుకంటే వాళ్ల మట్టిలో డైనోసార్ ఎముకలు దొరికాయి, పెద్ద మ్యూజియం కట్టుకున్నారు, అది వాళ్ల గుర్తింపు. ఈ ఊరివాడిగా ఆ నాణెం చూసినప్పుడల్లా నాకు కలిగే ఆశ ఏంటో మీకు అర్థమయ్యే ఉంటుంది. మన కోట ఊరి రాళ్ల పొరల్లో దొరికింది తక్కువేమీ కాదు కదా.

ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, మీ బాబుకి ఇది తప్పకుండా చెప్పాలి. సిరొంచ దగ్గరున్న కోట ఊరి పేరే ఆ రాళ్ల పొరలకి పెట్టారు, ప్రపంచంలో ఈ చదువు చదివిన వాళ్లందరికీ మన కోట పేరు తెలుసు. ప్రాణహిత, గోదావరి పక్కనున్న ఈ పొరల్లోంచే కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బారాపాసారస్ ఎముకలు తీశారు, సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. 1975లో బారాపాసారస్ టాగొరై అని పేరు పెట్టారు, టాగొరై అంటే రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు మీదుగా. 14 మీటర్ల జంతువు, వాళ్ల మ్యూజియంలో నిలబెట్టి ఉంది. ప్రాణహిత అవతలి వైపు యామన్‌పల్లి దగ్గర దొరికినది కోటసారస్, 1988లో యాదగిరి గారు పేరు పెట్టారు, అది హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, బస్సెక్కి వెళ్లి చూడొచ్చు. ఇవి దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందటివి. టీ-రెక్స్ అయితే ఏడు కోట్ల ఏళ్ల లోపుదే. అంటే మన జంతువులకీ టీ-రెక్స్‌కీ మధ్య ఉన్న కాలం, టీ-రెక్స్‌కీ మనకీ మధ్య ఉన్న కాలం కన్నా ఎక్కువ.

అందుకే నేను చేసే పని ఒకటుంది, మీరూ చేయించండి. ప్రతి నాణెం పక్కన ఒక చిన్న చీటీ పెడతాను, బ్రిటన్ నాణెం మీద ఉన్న పద్ధతిలోనే: జంతువు పేరు, పేరు పెట్టినాయన, సంవత్సరం, దొరికిన చోటు. ఆ వరసలో నాణెం లేకుండానే రెండు చీటీలు పెట్టాను, బారాపాసారస్‌కి ఒకటి, కోటసారస్‌కి ఒకటి. పెట్టె చూసిన ప్రతి పిల్లాడూ ‘ఇక్కడ బిళ్లేది’ అని అడుగుతాడు, అప్పుడు మన ఊరి సంగతి చెప్పడానికి దారి దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త, ఆ ఉత్సాహంలో పిల్లలు అడవిలోంచి రాళ్లూ ఎముకలూ ఇంటికి తెచ్చుకోకూడదు. ఏమైనా కనపడితే ఉన్నచోటే ఉంచి, ఫొటో తీసి, అటవీ శాఖ వాళ్లకి చెప్పాలి. కదిలించిన ఎముక ఏ పొరలోదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

రేటు పెరుగుతుందా అన్నారు. పెరుగుతుందని కొనకండి. కొన్ని పెరిగాయి, కెనడాది చూశాం కదా. చాలావాటికి కొన్న ధర కూడా రాదు. బ్రిటన్ డైనోసార్ నాణేలు వాడుకలోకి వదలలేదు, కొన్న ప్రతివాడూ ప్యాకెట్లో దాచిపెట్టుకునే ఉన్నాడు, అలాంటిది రేపు కరువెందుకు వస్తుంది? ధర చూసేటప్పుడు కూడా అమ్మేవాడు పెట్టిన ధర కాకుండా, నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడండి, వేలం సైట్లలో అమ్ముడైనవి వేరుగా చూపిస్తారు. పదివేలు అని పెట్టుకున్న నాణెం వెయ్యికి అమ్ముడవుతున్న సంగతి అక్కడ తెలుస్తుంది. అలాగే మీరు ఇలాంటివి వెతకడం మొదలుపెట్టగానే ‘మీ పాత బిళ్లకి లక్షలిస్తాం’ అనే ఫోన్లు, వీడియోలు వస్తాయి. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు, రిజర్వ్ బ్యాంకు పేరు చెబుతారు. ఆ పేరు వాడుకుని కమిషన్లు అడిగేవాళ్లని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఒక్క రూపాయి కూడా పంపకండి.

మున్ముందు వెండివి కొంటే ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. అయస్కాంతం ఒక్కటే సరిపోదు, ఇత్తడి కూడా అయస్కాంతానికి అంటదు. చిన్న డిజిటల్ కాటా తీసుకుని, నాణెం బరువు చూడండి, ఒక ఔన్సు వెండి నాణెం కనీసం 31.1 గ్రాములు తూగాలి. తర్వాత గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుక్కీ పక్కలకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కాటా చూపించే అంకెతో మొదటి బరువుని భాగించండి. శుద్ధమైన వెండికి 10.5 దగ్గర రావాలి, అంటే నీళ్లలో కాటా 3 గ్రాములకి కొంచెం తక్కువ చూపిస్తుంది. అదే బరువున్న ఇత్తడి బిళ్లకైతే 3.6 చూపిస్తుంది. రంగు వేసినవి, చీకట్లో వెలిగేవి, అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేలు మాత్రం నీళ్లలో ముంచకండి. ముంచినదాన్ని మెత్తటి గుడ్డ మీద పెట్టి అద్దండి, రుద్దొద్దు.

రుద్దడం అంటే గుర్తొచ్చింది, చింతపండు! మన ఇళ్లలో నల్లబడ్డ ఏ వస్తువు కనపడినా చింతపండో విభూదో పెట్టి తోమేస్తారు, ప్రేమతోనే చేస్తారు, కానీ నాణెం పైతలం ఒక్కసారి తోమితే పోయింది, గీతలు పడి విలువా అందమూ రెండూ పోతాయి. ఇంట్లో ఆడవాళ్లకీ పెద్దవాళ్లకీ ముందే చెప్పి పెట్టండి. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోవాలి, మధ్యలో వేలు పెడితే ఆ ముద్ర కొన్నాళ్లకి మచ్చగా తేలుతుంది. మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది, వానాకాలం గోడలు చెమ్మ పడతాయి, ఈ రెంటికీ తట్టుకోవాలంటే గుండ్రటి గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్ మంచిది, 50 పెన్నీలకి దాని సైజుది అడగండి. ఘాటు వాసన కొట్టే మెత్తటి పీవీసీ ఆల్బములు వద్దు, వేడికి అవి కరిగినట్టయి నాణెం మీద ఆకుపచ్చ జిగురు వదులుతాయి. రబ్బరు బ్యాండ్లు, పేపరు పొట్లాలు, కలరా ఉండలు కూడా వెండి దగ్గర పెట్టకండి. మందు డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, బీరువాలో మధ్య అరలో పెట్టండి.

అహేరికి తెప్పించుకోవడం గురించి. విదేశాల నుంచి నేరుగా తెప్పిస్తే నాణెం ధరకి తోడు పోస్టేజీ, సుంకం, పన్ను, కొరియర్ వాళ్ల ఫీజు కలుస్తాయి, ఒక్క నాణెం కోసం ఇది అస్సలు గిట్టదు. మొదటిసారికి మన దేశంలోనే ఉన్న నాణేల డీలర్ల దగ్గర కొనండి, హైదరాబాద్‌లో, నాగపూర్‌లో నాణేల ప్రదర్శనలు పెడుతుంటారు, అక్కడ చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు, మీ బాబుని కూడా తీసుకెళ్లండి, వాడికి పండగే. ఆన్‌లైన్‌లో కొంటే రెండు వైపులా ఫొటో, పక్కన స్కేలు పెట్టిన ఫొటో, కాటా మీద పెట్టిన ఫొటో అడగండి. నిజాయతీగా అమ్మేవాళ్లు విసుక్కోరు. పార్సిల్ వచ్చినప్పుడు విప్పుతూ వీడియో తీయండి.

మీ 899లో ఇంకొంచెం కలిపితే ఒక బీయూ మెగలోసారస్ రావచ్చు, డీలర్‌ని బట్టి ధర మారుతుంది, ఇద్దరు ముగ్గుర్ని అడిగి తీసుకోండి. పుట్టినరోజు దగ్గర్లోనే ఉంటే ఆ ఒక్కటి చాలు, మిగతా రెండూ వాడే అడిగి తెప్పించుకుంటాడు. కొనేముందు అమ్మేవాడు పంపిన ఫొటోలు, బరువు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.